గోగులదిబ్బ స్టేడియం తూర్పు గోడ

మా తమ్ముడి కూతురు లాస్య కబడ్డీ ఆడుతుంది. మా ఇంటావంటా ఆటలు లేవు, మా నాన్న చీట్లపేక తప్ప. అలాంటి కొంపలో పుట్టిన ఈ పిల్ల స్కూలు జట్టులో ఆడి, జిల్లా జట్టులో ఆడి, కిందటి నెలలో గోగులదిబ్బ అకాడమీలో సీటు తెచ్చుకుంది. అక్కడే హాస్టలు, అక్కడే చదువు, అక్కడే ఆట. బాగా ఆడితే లీగు వాళ్ళ కంట్లో పడుతుందట. మా మరదలు ముక్కు చీదటం మొదలుపెట్టింది. తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వెలాగూ సెలవొస్తే బస్సెక్కుతావుగా. ఈసారి ఆ ఊరెళ్ళి హాస్టలు చూసి రా. చేర్చమంటే చేరుస్తాను, వద్దంటే మానేస్తాను" అన్నాడు. పిల్ల బతుకు తీసుకొచ్చి నా బ్యాగులో పెట్టాడన్నమాట. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు, శనివారం, బ్యాంకుకి సెలవు కావడంతో బయలుదేరాను. మీలో కూడా పిల్లల్ని అక్కడ చేర్చాలనో, లీగు మ్యాచ్ చూడాలనో అనుకునేవాళ్ళుంటారు. మీకోసమే ఇది రాస్తున్నాను. సరదాగా ఉంటుందని మాత్రం అనుకోకండి.

గుంటూరులో తెల్లవారుజామునే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తున్నారు కాబట్టి ఖర్చు లేదు, సీటు దొరికితే అదృష్టం. చిలకలూరిపేట దాటేసరికి వెలుగొచ్చింది. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీ తీస్తే ఘాటు, మూస్తే ఉక్క. నా పక్కావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని హాయిగా నిద్రపోయింది, నేను ఒంగోలు దాకా తుమ్ముతూనే ఉన్నాను. మామూలుగా మూడు గంటల్లోపే చేరుస్తారు. ఒంగోలు బస్టాండులో టీ తాగి, చీమకుర్తి వెళ్ళే దారిలో గోగులదిబ్బ షేర్ ఆటో ఎక్కాను. మనిషికి యాభై. ఆ దారంతా గ్రానైటు లారీలు. ఒక్కో రాయి ఒక్కో గదంత ఉంటుంది, గొలుసులతో కట్టి తీసుకెళుతుంటారు. లారీ పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడరు.

చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళికి వెళుతూ గోగులదిబ్బలో ఆగాను. అప్పుడది నాలుగు రోడ్ల కూడలి. ఒక పత్తి మిల్లు, రెండు ఎరువుల కొట్లు, చినుకు పడితే చెప్పు ఊడొచ్చే నల్లరేగడి బురద. ఇప్పుడు ఊరి మొదట్లో "క్రీడానగరానికి స్వాగతం" అని పెద్ద ఆర్చి కట్టారు. ఆ కూడలిలో ఒక కాలు గాల్లోకి లేపిన ఆటగాడి సిమెంటు బొమ్మ ఉంది. రోడ్డు మధ్యలో డివైడరు, దానిలో చెట్లు, రెండువైపులా లాడ్జీలు, మోకాళ్ళ డాక్టర్ల బోర్డులు, బూట్ల షాపులు, అయిదంతస్తుల అపార్టుమెంట్లు. మిల్లు ఉన్న చోట షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. ఆటో నడిపే సుభానీకి ముప్పై ఏళ్ళుంటాయి. ఊరంతా తనే కట్టించినట్టు చూపిస్తున్నాడు.

"మా నాన్న మిరపకాయల కోతకి పోయేవాడు మేడంగారూ. మా అమ్మ కూడా. ఇప్పుడు నేను ఆటో, మా తమ్ముడు స్టేడియంలో లైట్ల పని, మా ఆవిడ హాస్టలు బట్టలు ఇస్త్రీ చేస్తది. మా ఇంట్లో అందరం కబడ్డీ కూడే తింటన్నాం" అన్నాడు.

"అంతా ఈ ఆట వల్లేనా?"

"ఆట వల్లేనండీ. మా ఊరోడొకడు లీగులో పడ్డాడు. గ్రానైటాయన డబ్బు పెట్టి అకాడమీ కట్టాడు. ఆనక స్టేడియం వచ్చింది. లీగోళ్ళు క్యాంపులకొచ్చారు, వాళ్ళెనకాల లాడ్జీలు, ఆస్పత్రులు. వచ్చే ఏడు కార్పొరేషనంట. మాది పల్లెటూరని ఎవడన్నా అనమనండి చూద్దాం."

వెటకారం చేద్దామనుకున్నాను గానీ నోరు రాలేదు. ట్రాక్ ప్యాంట్లు వేసుకున్న ఆడపిల్లలు రోడ్డు మధ్యలో గట్టిగా నవ్వుకుంటూ నడిచి వెళుతున్నారు. మా రోజుల్లో ఆడపిల్లలం ఇలాంటి కూడళ్ళలో తల వంచుకుని బస్సు కోసం నిలబడేవాళ్ళం. ఊరు బాగుపడిందనే నా మనసుకి తోచింది, మా లాస్య కూడా ఆ గుంపులో నడుస్తున్నట్టే అనిపించింది.

హాస్టలు దగ్గర దిగేసరికి తొమ్మిదిన్నర. వార్డెన్ స్టేడియంకి వెళ్ళిందని, వచ్చేదాకా లోపల కూర్చోమని వాచ్‌మన్ వంటింటి వైపు పంపించాడు. పెద్ద వంటిల్లు, శుభ్రంగా ఉంది. యాభై అయిదేళ్ళ ఆవిడ పెద్ద గంగాళం తోముతోంది. పేరు రూతమ్మ. ఈ హాస్టల్లో వంట మొత్తం ఆవిడదే. నేను ఎందుకొచ్చానో చెప్పగానే చేతులు కడుక్కుని, రెండు ఇడ్లీలు, ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు రాగిజావ తెచ్చి పెట్టింది.

"పిల్లని చేర్చేముందు పెద్దోళ్ళు తిని చూడాలండీ. చానామంది గదులు చూసి, టీవీ చూసి పోతారు. పిల్ల రోజూ తినేది నా చేతి కూడేగా" అంది.

ఇడ్లీ మెత్తగా ఉంది. చట్నీలో కారం మా గుంటూరు వాళ్ళకే కళ్ళు తిరిగేంత ఉంది. అదే మాట అంటే నవ్వింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నం వంట అప్పుడే చేసేసి మూతలు పెట్టింది. మూలన ఆపిల్ పండ్లు వచ్చిన చెక్కపెట్టె ఒకటి, దానిలో మడత విప్పని కొత్త తెల్లపంచె కనిపించాయి.

"ఎక్కడికైనా వెళ్ళాలా రూతమ్మగారూ? నా వల్ల ఆలస్యమవుతోందేమో" అన్నాను.

"మా తమ్ముణ్ణి తవ్వుకోవాలండీ" అంది. "ఇయ్యాళే ఆఖరు. పొద్దుగూకే లోపల ఎవరి మనుషుల్ని వాళ్ళు తీసుకుపోవాలన్నారు. రేపు మిషను పెట్టి చదును చేస్తారు."

ఇడ్లీ ముక్క నా చేతిలో ఉండిపోయింది. విషయం ఇదీ. స్టేడియం వెనకాల తూర్పున క్రైస్తవ పల్లె వాళ్ళ సమాధుల తోట ఉంది. మ్యాచ్‌లకి వచ్చే కార్లు పెట్టుకోవడానికి ఊళ్ళో చోటు చాలక ఆ స్థలాన్ని పార్కింగుకి తీసుకున్నారు. దానికి బదులు ఊరి బయట, చెత్త పోసే దారిలో కొత్త స్థలం ఇచ్చారు. అందరూ వారం నుంచీ తవ్వుకుని తీసుకెళుతున్నారు. రూతమ్మకి హాస్టలు నుంచి సెలవు ఈ ఒక్క పూటే దొరికింది. రాత్రి వంటకి మాత్రం వేరే మనిషిని ఒప్పించుకుంది. సుభానీ ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది, నేను దింపుతాను రండి అన్నాను. వార్డెన్‌తో మాట్లాడటం తర్వాతైనా అవుతుంది. ఆవిడ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది.

దారిలో తమ్ముడి గురించి చెప్పింది. పేరు ఏసోబు. పత్తి తీసేసిన చేలల్లో గీత గీసి పల్లె పిల్లలకి కబడ్డీ నేర్పిందే అతను. అకాడమీ లేదు, చాపలు లేవు, రేగడి మట్టిలోనే ఆట. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి చర్చి ముందు పందేలు పెట్టేవాడు. లీగులో పడ్డ ఆ కుర్రాడు కూడా అతని దగ్గర నేర్చుకున్నవాడే. ఒకసారి కాలు విరిగితే గుంటూరులో ఆపరేషన్ చేసి తొడలో స్టీలు రాడ్డు వేశారు. ఇంకా ఆడొద్దన్నారు. అతను ఆగలేదు.

"కూతకెళ్తే వాడి గొంతు చర్చి దాకా వినపడేదండీ. ఊపిరి ఆపకుండా కబడ్డీ కబడ్డీ అనుకుంటా ముగ్గుర్ని అంటుకుని వచ్చేవాడు. ఆఖరిసారి కూతకెళ్ళినప్పుడు నలుగురు కలిసి పట్టారు. మెడ కింద పడ్డది. లేవలేదు" అంది. "పెళ్ళి కూడా కాలా. వాడికున్నది నేనొక్కదాన్నే."

ప్రతి ఏడూ ఈస్టర్‌కి ముందు రూతమ్మ వెళ్ళి ఆ మట్టిదిబ్బ సర్ది, నీళ్ళు చల్లి తుడిచి, సున్నం కొడుతుంది. పండగనాడు చీకటితోనే కొవ్వొత్తి పెడుతుంది. పల్లెలో అందరూ అంతే. రాళ్ళు పెట్టించేంత స్తోమత ఎవరికీ లేదు, పక్కనే చీమకుర్తి నుంచి దేశమంతటికీ గ్రానైటు వెళుతున్నా. అందుకని సమాధిని కంచె నుంచి వరసలు లెక్కపెట్టి గుర్తుపెట్టుకుంటారు. ఏసోబుది కంచె నుంచి రెండో వరస, కొసన. వంద మైళ్ళ నుంచి వచ్చిన చుట్టమైనా ఆ లెక్కతో తన మనిషి దగ్గరికి వెళ్ళిపోతాడు.

సమాధుల తోటకి వెళ్ళేసరికి ఎండ మండిపోతోంది. పడమటి వైపు స్టేడియం గోడ, రెండు నిలువుల ఎత్తు, దాని మీద లైటు స్తంభాలు. గోడ వారగా పసుపుపచ్చ జేసీబీ నిలబెట్టి ఉంది, దాని డ్రైవరు నీడలో పడుకున్నాడు. నాలుగైదు చోట్ల మనుషులు తవ్వుతున్నారు. తువ్వాళ్ళు తలకి చుట్టుకుని ఎవరి పనిలో వాళ్ళున్నారు, ఏడుపులు లేవు. గోడ అవతల సాయంత్రం మ్యాచ్ కోసం మైకు సరిచూస్తున్నారు. హలో హలో అనే ఆ గొంతు మధ్యాహ్నం దాకా ఆగలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

పాస్టరుగారు చేతిలో బైబిలు పట్టుకుని ఒక్కొక్క గుంట దగ్గరికీ వెళ్ళి చిన్న ప్రార్థన చేస్తున్నారు. అరవై దాటిన మనిషి, ఎండకి మొహం వాడిపోయింది. రూతమ్మ కోసం తవ్వడానికి పల్లెలో చిట్టిబాబు అనే అతను గడ్డపారతో సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ గోడ దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ మొదటి వరస దాటి, రెండో వరస కొసన ఆగింది. కిందటేడు కొట్టిన సున్నం ఆ దిబ్బ మీద అక్కడక్కడా ఇంకా ఉంది. చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపి కూర్చుంది. నేను గొడుగు పట్టుకుని వెనకాల నిలబడ్డాను, అంతకన్నా చేయగలిగింది ఏమీ లేదు.

రేగడి నేల పైన రాయి, లోపల జిగురు. చిట్టిబాబుకి చాలాసేపు పట్టింది. చివరికి గడ్డపార పక్కన పెట్టి చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టాడు. ముందుగా కాలి ఎముకలు బయటపడ్డాయి. రూతమ్మ పెట్టెలో పంచె పరిచింది.

"రాడ్డు చూడు చిట్టిబాబూ. కుడికాలు తొడలో" అంది.

అతను చూశాడు. ఎడమ వైపు కూడా చూశాడు. "రాడ్డు లేదక్కా" అన్నాడు.

"మట్టిలో జారుంటది. నిదానంగా చూడు."

ఇంకాస్త పైకి తవ్వాడు. అప్పుడు అతని చేతికి గాజు ముక్క తగిలింది. తుడిచి చూస్తే ఆకుపచ్చ గాజు. దాని వెంట ఇంకొన్ని, చేతి ఎముక చుట్టూ. అతను తవ్వడం ఆపేశాడు. రూతమ్మ ఆ గాజులకేసి చూస్తూ ఉండిపోయింది. గోడ అవతల మైకులో ఎవరో ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతున్నాడు.

"ఆడమనిషి గదక్కా" అన్నాడు చిట్టిబాబు, మెల్లిగా.

"మరి మా వాడేడి?" అంది రూతమ్మ.

ఇంకో రెండు వరసల అవతల దానియేలు అనే ముసలాయన తన భార్య కోసం ఉదయం నుంచీ తవ్విస్తున్నాడు. ఆయన గుంటలో పసిపిల్ల ఎముకలు దొరికాయట, తన భార్య కాదే అని తల పట్టుకుని కూర్చున్నాడు. గాజులు అన్న మాట విని లేచి వచ్చాడు. గుంట అంచున చతికిలబడి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యగారూ, మా దాన్ని ఆకుపచ్చ గాజుల్తోనే పెట్టాం. అది నాలుగో వరస కదా. ఇది రెండోదాయె" అన్నాడు పాస్టరుగారితో.

పాస్టరుగారు గోడ దగ్గరికి నడిచి వెళ్ళారు. గోడ మీద చెయ్యి పెట్టి, అక్కడి నుంచి వరసలు వేలితో లెక్కపెట్టారు. తిరిగి రూతమ్మ దగ్గరికి వచ్చారు.

"తప్పంతా లెక్కలో ఉందమ్మా. తుఫాను ఏడు గుర్తుందా? నీళ్ళు నిలబడి దిబ్బలన్నీ కరిగిపోయినాయి, ముళ్ళకంచె కొట్టుకుపోయింది. మనమంతా రెండు నెలలు బడిలో తలదాచుకున్నాం. తిరిగొచ్చేసరికి ఈ గోడ లేచింది. కంచె ఉన్నచోటే కట్టామన్నారు, మనం నమ్మాం. ఆ ఈస్టర్‌కి కంచె నుంచి లెక్కపెట్టినట్టే గోడ నుంచి లెక్కపెట్టుకుని దిబ్బలు పోసుకున్నాం" అన్నారు. "గోడ రెండు వరసలు లోపలికి జరిపి కట్టారు. మనకి రెండోది అనిపించేది నిజానికి నాలుగోది. మొదటి రెండు వరసలూ గోడ అవతల ఉండిపోయినాయి."

తవ్వుతున్న వాళ్ళంతా చేతిలో పని ఆపేశారు. అప్పటికే వారం నుంచీ పెట్టెల్లో పెట్టుకుని తీసుకెళ్ళిన వాళ్ళ సంగతి అందరికీ ఒకేసారి తట్టింది. పల్లె మొత్తం ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళ సమాధులకి సున్నం కొట్టింది, ఎదుటివాళ్ళ మనుషులకి కొవ్వొత్తులు పెట్టింది. ఒకావిడ అక్కడికక్కడే కూలబడి గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. జేసీబీ డ్రైవరు లేచి కూర్చున్నాడు గానీ అతను చేసిందేముంది, కిరాయి మనిషి.

పాస్టరుగారు స్టేడియం ఆఫీసుకి ఫోన్ చేశారు. గోడ అవతల తవ్వనిస్తారా అని అడిగారు. అటు నుంచి ఏం చెప్పారో మాకు వినిపించలేదు. "అలాగేనండీ" అని ఫోన్ జేబులో పెట్టుకుని తల అడ్డంగా ఊపారు. లోపల కట్టడాలున్నాయి, కుదరదన్నారట.

రూతమ్మ ఏడవలేదు. లేచి, పెట్టెని దానియేలు ముందుకి జరిపింది.

"తీసుకో బాబాయ్. పంచె కొత్తదే. ఇన్నేళ్ళూ నేను పెట్టిన కొవ్వొత్తులన్నీ పిన్నికే చేరినయ్యి" అంది.

దానియేలు పెట్టె అంచు పట్టుకున్నాడు. "మరి నేను పెట్టినయ్యి ఎవరికి చేరినయ్యో" అన్నాడు. ఆ పసిపిల్ల ఎవరి బిడ్డో పక్కన కనుక్కుంటున్నారు. రూతమ్మే గుంటలోకి దిగి, ఒక్కొక్క ఎముకనీ అందించింది. గాజు ముక్కలు కూడా ఏరి ఇచ్చింది. సొంత మనిషికి చేయాలని వచ్చిన పని ఆ పరాయి మనిషికి ఏ లోటూ లేకుండా చేసింది. మా అమ్మకి నేను ఇంత చేయగలనా అనుకున్నాను.

పని అయ్యాక పాస్టరుగారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టారు. "గోడ అవతలే గదా రూతూ. ఆట అంటే ప్రాణం వాడికి. ఆట ఆడే నేల కిందే ఉన్నాడనుకో" అన్నారు.

"కోర్టు కింద ఉంటాడా అయ్యగారూ?" అని అడిగింది రూతమ్మ. ఆ రోజంతటిలో ఆవిడ మొహంలో కాస్త వెలుగు చూసింది అప్పుడే. ఆయన ఉంటాడనీ అనలేదు, ఉండడనీ అనలేదు. ఆవిడ తవ్విన వరస కొసకి నేరుగా గోడ మీద ఏ లైటు స్తంభం ఉందో చూసి గుర్తుపెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఇన్నేళ్ళలో తను స్టేడియం లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదని, టికెట్ ఎట్టా కొంటారో కూడా తెలియదని చెప్పింది.

సాయంత్రం ఆరున్నరకి ఇద్దరం వెళ్ళాం. టికెట్ మనిషికి నూట యాభై, తూర్పు గ్యాలరీ. సెలవు రోజుల్లో అయిదింటికే కౌంటరు దగ్గర వరస పెరిగిపోతుంది, ముందే వెళ్ళాలి. రూతమ్మ తలస్నానం చేసి ఉతికిన తెల్లచీర కట్టుకుంది, కొంగున కొవ్వొత్తి ముడేసుకుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి తడిమి చూసి కొవ్వొత్తి, అగ్గిపెట్టె రెండూ తీసుకుని డబ్బాలో పడేసింది. రూల్సమ్మా అంది. లోపల లైట్లకి కళ్ళు చెదిరాయి. నీలం చాపలు, పాటలు, పెద్ద తెర మీద ఆ లీగు కుర్రాడి మొహం. జనం ఈలలు వేస్తున్నారు. రూతమ్మ ఆట వైపు ఒక్కసారి చూసి, తూర్పు గోడ మీది లైటు స్తంభం వైపు చూసింది. కోర్టు అక్కడికి చాలా దూరంలో ఉంది.

గోడకీ గ్యాలరీకీ మధ్య సందులోకి వెళ్ళాం. ఆవిడ స్తంభం కిందకి వెళ్ళి గోడకి వీపు ఆనించి, బయట సమాధుల మధ్య ఎంత ఎడముందో అంతంత అడుగులు వేసుకుంటూ లోపలికి నడిచింది. ఆగిన చోట తల ఎత్తి చూసింది. ఆడవాళ్ళ మరుగుదొడ్లు. రేకు తలుపులు, బయట వరసలో పదిమంది ఆడపిల్లలు, వాకిలి దాకా పారిన మురికినీళ్ళు.

"కోర్టు కింద ఉన్నా బాగుండేదండీ" అంది.

ఆవిడ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఆ నీళ్ళలో ఉత్తకాళ్ళతో నిలబడి కళ్ళు మూసుకుంది. అవతల ఎవరో కూతకి వెళ్ళినట్టున్నారు, గ్యాలరీ దద్దరిల్లింది. వరసలో నిలబడ్డ ఒకావిడ, మంచి చీర, చేతిలో ఫోను, రూతమ్మని పైనుంచి కింది దాకా చూసి, "ఏమ్మా, ఇక్కడ పనిమనిషివి నువ్వేనా? లోపల ఒక్కదాంట్లోనూ నీళ్ళు పోసినవాళ్ళు లేరు. కాస్త చూడు" అంది.

నేను మండిపడి ఏదో అనబోయాను. రూతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగండమ్మా" అంది. కొంగు నడుముకి దోపి లోపలికి వెళ్ళింది. మూలనున్న బకెట్ తీసి కుళాయి కింద పెట్టింది, చీపురు అందుకుంది. ఒక్కో గది తలుపు తీసి నీళ్ళు కొట్టి కడిగింది. గోడలు తుడిచింది, గడపలు తుడిచింది, మూలల్లో పాకుడు గోకింది. వాకిట్లో నీళ్ళు నిలబడకుండా కాలువలోకి తోసింది. ఈస్టర్‌కి ముందు ఏటా చేసే పని అది. నేను కూడా చీర ఎగ్గట్టి బకెట్లు మోశాను. మ్యాచ్ అయిపోయి జనం వెళ్ళిపోయేదాకా కడుగుతూనే ఉన్నాం. గచ్చు ఆరిన తర్వాత ఆవిడ గడప మీద కూర్చుని, రెండు చేతులూ ఆ తడి నేల మీద ఆనించి, అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి ఒంగోలులో లాడ్జిలో ఉండి, పొద్దున్నే గుంటూరు చేరాను. జరిగిందంతా తమ్ముడికి చెప్పాను. అంతా విని, "సరే అక్కా, ఇంతకీ చేర్చమంటావా, వద్దంటావా?" అన్నాడు. సుభానీ ఇంటి సంపాదన, రోడ్డు మీద నవ్వుకుంటూ నడిచిన పిల్లలు, రూతమ్మ ఇడ్లీలు అబద్ధం కావు. ఆ గోడ కూడా అబద్ధం కాదు. ఒక ఊరు నగరం కావాలంటే ఎవరో ఒకరు జరగాల్సిందేనని పెద్దమనుషులు అంటుంటారు, నేనూ ఇదివరకు అన్నాను. ఎప్పుడూ రూతమ్మ వాళ్ళే ఎందుకు జరగాలో, చచ్చిపోయాక కూడా ఎందుకు జరగాలో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. అయినా నా నోటితో నేనే "చేర్చు" అన్నాను. పిల్లకి ఆట కావాలి, ఆట ఆ ఊళ్ళోనే ఉంది. అన్నాక సిగ్గేసింది. రూతమ్మ మాత్రం సోమవారం నాకు ఫోన్ చేసి, "మీ పాపని పంపండమ్మా, నేను చూసుకుంటా. ఆదివారాలు నాకు సెలవిచ్చారు. మ్యాచ్ రోజున లోపల కడిగే పని కూడా నాకే ఇయ్యమని అడిగా, ఇచ్చారు. ఇప్పుడు టికెట్ అక్కర్లా" అంది.

ఈ ఊరు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మ్యాచ్ రోజుల్లో తూర్పు వైపు కొత్త పార్కింగు ఉచితమని బోర్డు పెడుతున్నారు. బస్టాండు ఎదురుగా గంటకి ఇరవై రూపాయలు తీసుకునే పాత స్థలం ఉంది, అక్కడి నుంచి స్టేడియం పది నిమిషాల నడక. బండి అక్కడ పెట్టండి.